ఐదు నాలుగెట్లయింది?

మా ఊళ్లో ఎండాకాలం మొదలయితే ఒక మనిషి వీధి మొగలో నిలబడి కేక పెట్టేవాడు. రోళ్లకు గంట్లు పెడతాం, తిరగళ్లకు గంట్లు పెడతాం అని. భుజాన ఒక గోనె సంచి, అందులో ఉలి, సుత్తి. అరిగిపోయిన రోలు ముందర గొంతు కూర్చుని ఉలితో టకటకా కొడుతుంటే రాతిపొడి లేచి ఆయన గడ్డం తెల్లబడేది. ఊరు ఆయన్ను 'గంట్ల సాయిబు' అనేది. అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. శుక్రవారం మసీదుకు వచ్చేవాడు. వచ్చి ఆఖరి సఫ్‌లో, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా నిలబడేవాడు. అక్కడ నిలబడమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముందుకు రమ్మనీ ఎవరూ చెప్పలేదు.

2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన ఒక చట్టం వెనక అతికించిన జాబితాలో 14వ నంబరు కింద ఆయన కనిపించాడు. తురక కాశ, కక్కుకొట్టే జింక సాయిబులు, తిరుగటిగంట్ల, రోళ్లకు కక్కు కొట్టేవారు, చక్కిటకానేవాలే. ఒక్క మనిషి బతుకుతెరువుకు ప్రభుత్వం రాసిపెట్టిన ఇన్ని పేర్లు. ఊరు ఎగతాళిగా పిలిచిన పేరే గెజెట్‌లో హక్కుగా అచ్చయింది. మన సమాజం ఆయన్ను ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. సర్కారు లెక్కలోకి ఆయన ఎట్లా వచ్చాడు? ఏ బిల్లు తెచ్చింది? ఆ బిల్లు ఎన్నిసార్లు ఓడి, ఏం పోగొట్టుకుని, చివరికి నాలుగు శాతంగా మిగిలింది? ఈ కథ మనలో చాలామందికి ఒక్క వాక్యంగానే తెలుసు: రాజశేఖరరెడ్డి ఇచ్చాడు, కోర్టు కొట్టేసింది. ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ అది మనల్ని పుచ్చుకునేవాళ్లుగా, పోగొట్టుకునేవాళ్లుగా మాత్రమే చూపిస్తుంది. మధ్యలో జరిగిన పోరాటాన్నీ, అందులో మన తప్పుల్నీ దాచిపెడుతుంది.

కథ 2004లో మొదలు కాలేదు. కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే ముస్లింలకు ఉద్యోగాల్లో వాటా ఉండేది. జస్టిస్ పార్టీ కాలంలో మొదలయి 1927లో స్థిరపడ్డ కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 12 ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 2, అణగారిన కులాలకు 1. పన్నెండింట రెండు అంటే నూటికి పదహారు పైమాటే. 1947లో ఆ లెక్క మారింది. 14లో ముస్లింలకు 1. అంటే నూటికి ఏడు. వైద్య, ఇంజనీరింగు కాలేజీ సీట్లలోనూ ఈ పద్నాలుగింట ఒకటి లెక్కే నడిచింది. 1951 ఏప్రిల్‌లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమంది. దాంతో ఆ వాటా మొత్తం పోయింది.

వెంటనే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. 15వ అధికరణానికి నాలుగో క్లాజు చేరింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని దాని సారాంశం. ఇక్కడే మన తలరాత మారింది. అంతకుముందు మనం 'ముస్లింలు' అని లెక్కకొచ్చాం. ఇక మీదట లెక్కకు రావాలంటే 'వెనుకబడిన తరగతి' అని రుజువు చేసుకోవాలి. రుజువు ఎవరు చేస్తారు? ఎవరి ముందు చేస్తారు? ఆనాటి మన నాయకత్వం ఈ ప్రశ్న వేసుకోలేదు. సయ్యద్, పఠాన్ కుటుంబాల నుంచి వచ్చిన ఆ పెద్దలకు 'వెనుకబడిన' అన్న మాట నామోషీ. ఇస్లాంలో కులం లేదన్న జవాబు వాళ్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఖురాన్‌లో లేదు, నిజమే. మా మసీదు ఆఖరి సఫ్‌లో మాత్రం ఉండింది.

తెలంగాణ కథ వేరు. అక్కడ 1948 సెప్టెంబరు దాకా ఆసఫ్‌జాహీ రాజ్యం. రాజు ముస్లిం కాబట్టి ముస్లింలంతా రాజులేనన్న మాట ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. జటకా తోలినవాడూ, తోలు శుద్ధి చేసినవాడూ, బీడీలు చుట్టిన ఆడకూతురూ ఏ సింహాసనం మీద కూర్చున్నారో చెప్పేవాళ్లు లేరు. పోలీసు చర్య తర్వాత సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారమే 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారు. ఉర్దూ చదివినవాళ్ల ఉద్యోగాలకు ఉర్దూ చదువే అడ్డమయింది. ఒకప్పటి పాలకులన్న ముద్ర మాత్రం పోలేదు. రిజర్వేషన్ అడిగిన ప్రతిసారీ ఆ ముద్రే ఎదురొచ్చి నిలబడింది.

1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తెరిచారు. ముస్లింలకూ, క్రైస్తవులకూ తెరవలేదు. పాకీ పని చేసే మెహతర్ సాయిబు చేసేది అదే పని, మోసేది అదే తట్ట, ఊరు చూసే చూపూ అదే. అయినా మతం పేరుతో ఆయనను వేరుగా నిలబెట్టారు. 1970లో అనంతరామన్ కమిషన్ నివేదిక మీద వెనుకబడిన తరగతుల జాబితా తయారయినప్పుడు మెహతర్లు ఎ గ్రూపులో, దూదేకులవాళ్లు బి గ్రూపులో చేరారు. మనలో లెక్కకు వచ్చింది ఆ రెండు గుంపులే. దూదేకులవాళ్ల సంగతి మరీ విచిత్రం. ఇంట్లో తెలుగు మాట్లాడతారని ఉర్దూ సాయిబులు వాళ్లను చిన్నచూపు చూశారు. సాయిబులని హిందువులు పక్కన పెట్టారు. సర్కారు ఒక్కటే వాళ్లను ఉన్నది ఉన్నట్టు రాసుకుంది. మిగతా వృత్తుల ముస్లింలు మరో 37 ఏళ్లు జాబితా బయటే ఉండిపోయారు.

ఇక 2004కు వద్దాం. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ హామీ ఇచ్చింది. మే నెలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. జులై 12న జీవో 33 వచ్చింది. మొత్తం ముస్లింలను వెనుకబడిన తరగతిగా ప్రకటించి 5 శాతం ఇచ్చారు. వీధుల్లో మిఠాయిలు పంచుకున్నాం. రెండు నెలలు దాటాయో లేదో, సెప్టెంబరు 21న హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఎందుకని? వెనుకబడిన తరగతుల కమిషన్‌ను అడగలేదు, సంపన్న శ్రేణిని మినహాయించలేదు. అయితే ముస్లింలు వెనుకబడిన తరగతి కాకూడదని కోర్టు అనలేదు. మతం అడ్డు కాదు, పద్ధతి తప్పంది. ఆ తీర్పులో మనకు పనికొచ్చే ఆ సగాన్ని మనం చదువుకోలేదు. కొట్టేశారన్న సగాన్నే పట్టుకున్నాం.

రెండో ప్రయత్నం 2005లో జరిగింది. కమిషన్‌ను అడిగారు. మొత్తం ముస్లింలు వెనుకబడ్డవాళ్లేనని కమిషన్ చెప్పింది. జూన్ 20న ఆర్డినెన్సు, దాని వెనకాలే శాసనసభలో బిల్లు, అది 2005లో 21వ చట్టం. అంకె మళ్లీ ఐదే. నవంబరు 7న మళ్లీ ఐదుగురు న్యాయమూర్తులు కొట్టేశారు. కమిషన్ సామాజిక వెనుకబాటును సరిగా తేల్చలేదన్నారు. ముస్లింలందరినీ ఒకే ముద్దగా చూసిందన్నారు. పైగా మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటాయన్నారు.

ఇక్కడ కాస్త ఆగి కూడిక చేద్దాం. అప్పటికి బీసీలు ఎ గ్రూపుకు 7, బి గ్రూపుకు 10, సి గ్రూపుకు 1, డి గ్రూపుకు 7, మొత్తం 25. షెడ్యూల్డు కులాలకు 15, తెగలకు 6. అంతా కలిపితే 46. మనకిచ్చిన ఐదు కలిపితే 51. 1992 నవంబరులో మండల్ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత 50. మన ఐదో శాతమే ఆ గీత దాటింది. ఐదు నాలుగెట్లయిందంటే జవాబు ఇదే. మన జనాభా చూసి కాదు. 2001 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో మనం నూటికి తొమ్మిది మందికి పైనే. మన పేదరికం కొలిచి కూడా కాదు. అందరికీ పంచగా గీతకు ఇవతల మిగిలింది నాలుగు. ఆ మిగిలిందే మనకు దక్కింది.

పొరుగున తమిళనాడు అదే 2007లో ఇంకో దారి పట్టింది. అక్కడ వెనుకబడిన తరగతులకున్న 30 శాతంలోంచే ముస్లింలకు మూడున్నర శాతం విడదీసి ఇచ్చారు. మొత్తం మారలేదు, కాబట్టి గీత గొడవ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అట్లా ఎందుకు చేయలేదు? బీసీ కులాల 25 శాతం ముట్టుకునే ధైర్యం ఏ పార్టీకీ లేదు. ముట్టుకోవాలని మనమూ అనకూడదు. చాకలి, మంగలి, కుమ్మరి కంచంలోంచి ముద్ద తీసి మాకు పెట్టమంటే మనం బహుజనులం ఎట్లా అవుతాం? కానీ రాజకీయమంతా ఇక్కడే జరిగింది. ఎవరి వాటా తగ్గకుండా మనకివ్వాలంటే ఖాళీగా ఉన్నది నాలుగు శాతమే. మిగిలిన 50 శాతం ఓపెన్ కోటా. అందులో ఎవరు ఎంత తింటున్నారో మాత్రం ఎవరూ లెక్కగట్టలేదు.

ఇప్పుడు సభ లోపలికి పోదాం. 294 మంది సభ. 2004లో గెలిచినవాళ్లు కాంగ్రెస్ 185, తెలుగుదేశం 47, తెలంగాణ రాష్ట్ర సమితి 26, సీపీఎం 9, సీపీఐ 6, మజ్లిస్ 4, బీజేపీ 2. కోటాను మొదటినుంచీ బహిరంగంగా వ్యతిరేకించిన బీజేపీకి ఉన్నది రెండు చేతులు. పాలక పక్షం ఒక్కటే తల ఊపినా బిల్లు నెగ్గుతుంది. కాబట్టి సభలో ఈ బిల్లుకు గండం లేదు. మన గండమంతా ఆ గండం లేకపోవడంలోనే ఉందంటాను.

వింతగా తోస్తే ఒక పాత సంగతి చెబుతాను. 1954 నవంబరు 6న కర్నూలులో, ఆంధ్ర రాష్ట్రపు చిన్న సభలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తగువు మద్యనిషేధం మీద. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ ఇచ్చిన నివేదికను ప్రభుత్వం ఒప్పుకోలేదు. కల్లుగీత మీద బతికేవాళ్ల గోడు అవిశ్వాస తీర్మానంగా మారింది. ఒక్క ఓటుతో తేలే సభలో ప్రతి సభ్యుడి అనుమానానికీ జవాబు చెప్పాలి, ప్రతి అంకెనూ నిలబెట్టుకోవాలి. గీతకార్మికుడు ఆ ఒక్క ఓటు వల్ల సభలో మనిషిగా కనిపించాడు. మన బిల్లులు అట్లా నలగలేదు. రెండుసార్లూ ఆర్డినెన్సు ముందు వచ్చింది, చర్చ తర్వాత వచ్చింది. 2005లో శాసనమండలి కూడా లేదు. 1985లో రద్దయిన మండలి 2007లో గాని తిరిగి పుట్టలేదు. సభ అడగాల్సిన ప్రశ్నలు సభలో గట్టిగా ఎదురు కాలేదు. ఏ ముస్లింలు? ఏ వృత్తి? ఏ సర్వే? ఎన్ని ఊళ్లలో? ఆ ప్రశ్నలన్నీ కోర్టులో ఎదురయ్యాయి. అక్కడ చేతులెత్తడాలుండవు, కాగితాలుంటాయి. మన కాగితాలు పల్చన. సభలో హోరాహోరీగా తేలాల్సిన బిల్లు సభ దాటాక హోరాహోరీ అయింది.

మూడో ప్రయత్నానికి ప్రభుత్వం పి.ఎస్. కృష్ణన్‌ను సలహాదారుగా పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌లో పనిచేసిన అధికారి, 1990లో మండల్ అమలు నాటికి కేంద్ర సంక్షేమ శాఖ కార్యదర్శి. ఆయన మొత్తం ముస్లింలన్న ముద్దను పక్కన పెట్టి గుంపులవారీగా చూశారు. దాని మీద వెనుకబడిన తరగతుల కమిషన్ నివేదిక ఇచ్చింది. 2007 జులై 6న ఆర్డినెన్సు, తర్వాత 2007లో 26వ చట్టం. బీసీల్లో కొత్తగా ఇ గ్రూపు పుట్టింది. నాలుగు శాతం. 46కు నాలుగు కలిపితే సరిగ్గా 50.

ఆ చట్టం జాబితా చదివితే తెలుగునేల మీద మనమెవరమో తెలుస్తుంది. అచ్చుకట్టలవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, తురక చాకళ్లు, ఫకీర్లు, బుడబుక్కల తురకలు, గారడీ సాయిబులు, పాములవాళ్లు, గోసంగి ముస్లింలు, ఎలుగుబంట్లవాళ్లు, కీలుగుర్రాల ముసల్మాన్లు, హజాం, నాయీ, లబ్బీలు, బొంతల ఫకీర్లు, ఖురేషీ కసాబులు, షేకులు, హబ్షీ సిద్దీలు, చివరన మా గంట్ల సాయిబు. పద్నాలుగు పద్దులు. పదిహేనోది 'ఇతర ముస్లిం గుంపులు', కొందరిని మినహాయించి. ఆ మినహాయింపులో సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్, జమాయత్, నవాయత్ పదిమందీ ఉన్నారు.

మనమంతా ఒకటే అని జుమా ఖుత్బాలో విన్నాం. మీరంతా ఒకటే, పరాయివాళ్లే అని 1992 డిసెంబరు తర్వాత వీధుల్లో విన్నాం. ఆ రెండు మాటల మధ్య నలిగిన నిజం ఈ జాబితా. ఎలుగుబంటిని ఆడించేవాడికీ నవాబు గారి మనవడికీ కలిమా ఒకటి, బతుకు ఒకటి కాదు. 2005 తీర్పు మనల్ని ఒకే ముద్దగా చూడొద్దన్నప్పుడు మనలో చాలామందికి కోపం వచ్చింది. మమ్మల్ని చీలుస్తున్నారన్నాం. చీలిక కోర్టు తెచ్చింది కాదు. పెళ్లి సంబంధాల దగ్గర ఎప్పటినుంచో ఉంది. కసాబు ఇంటి పిల్లను సయ్యద్ ఇంట్లో చేసుకున్నారని విన్నామా? ఖబరస్తాన్‌లో సైతం జాగాలు వేరైన ఊళ్లు మనకు తెలియవా? దాచుకున్న నిజాన్ని బయటపెట్టాకే మనకు వాటా దక్కింది. ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదు, తలకెక్కించుకోవాల్సిన పాఠం.

అట్లాగని జాబితా గీసిన గీతలన్నీ న్యాయమైనవనీ అనను. గుంటూరు వైపు, సీమలో 'పఠాన్' అన్నది ఎందరికో ఇంటిపేరు మాత్రమే. తాతల కత్తి లేదు, జాగీరు లేదు, ఉన్నది అద్దె ఆటో. ఆయన కొడుకు సర్టిఫికెట్ కోసం పోతే పేరు ముందున్న మాట చూసి బయటికి పంపుతారు. పక్కింటి వ్యాపారి పేరు ముందు షేక్ అని ఉంటే, సంపన్న శ్రేణి లెక్క దాటకపోతే సర్టిఫికెట్ వస్తుంది. తెలుగు ముస్లింలలో షేకులే ఎక్కువ కాబట్టి ఆ ఒక్క పద్దు చాలామందిని ఆదుకుంది. కాని అందులోనే ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలగలిశారు. పాములవాడి బిడ్డ షేకు బిడ్డతో అదే నాలుగు శాతంలో పోటీ పడాలి. చివరి సఫ్ అక్కడా ఉంది. ఈ సంగతి మనవాళ్లే మాట్లాడాలి. బయటివాళ్లు మాట్లాడితే అది మనకు ఉన్నది లాక్కోవడానికే అవుతుంది.

2010 ఫిబ్రవరి 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఈ చట్టాన్నీ కొట్టేసింది. అయితే ఈసారి అందరిదీ ఒకే మాట కాదు. ధర్మాసనంలోనే భిన్నాభిప్రాయం వచ్చింది. సభలో కనిపించని పోటీ బెంచీ మీద కనిపించింది. సర్వే శాస్త్రీయంగా లేదని మెజారిటీ అంది. ఆ మాట మీద వాదించుకోవచ్చు. కమిషన్ తొందరపడిందనే అనుకుందాం. కానీ ఈ చట్టం ఒక మతానికే పరిమితమని, మతమార్పిడులను ప్రోత్సహించే అవకాశం ఉందని కూడా అంది. నాలుగు శాతం కోసం, అందులో తన వంతుకు ఎప్పుడొస్తుందో తెలియని ఒక గుమాస్తా ఉద్యోగం కోసం ఎవరైనా తురక చాకలిగా మారతాడా? తురక చాకలి అయినవాడికి కొత్తగా ఏం దక్కుతుంది, రెండు వైపులా చిన్నచూపు తప్ప? మా తాతలు మారింది ఉద్యోగాల కోసం కాదు. చాలామంది పక్కన కూర్చుని అన్నం తినడం కోసం మారారు. ఆ అన్నం కూడా పూర్తిగా దొరకలేదన్నదే ఇప్పటి ఈ గొడవంతా.

2010 మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పద్నాలుగు గుంపులకు నాలుగు శాతం నడవనిచ్చి అసలు కేసును రాజ్యాంగ ధర్మాసనానికి అప్పజెప్పింది. పదిహేనో పద్దు, 'ఇతర ముస్లిం గుంపులు', ఆ నీడలోకి రాలేదు. 2014లో రాష్ట్రం రెండయింది. ఆస్తులు పంచుకున్నట్టే ఆ నాలుగు శాతాన్నీ, ఆ మధ్యంతర ఉత్తర్వునూ రెండు రాష్ట్రాలూ పంచుకున్నాయి. ఆ నీడలో ఏళ్ల తరబడి పిల్లలు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు, టీచర్లయ్యారు. వాళ్ల ఇళ్లలో మొదటిసారి జీతం అన్న మాట వినపడింది. ఒక్క తాత్కాలిక కాగితం మీద ఇంతమంది బతుకులు నిలబడ్డాయి. అది నిలబడినంతకాలం మనం నిద్రపోయాం.

తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో ముస్లింల స్థితి మీద నివేదిక ఇచ్చింది. 2017 ఏప్రిల్ 16న ప్రత్యేక సమావేశం పెట్టి బీసీ-ఇ వాటాను 4 నుంచి 12కు, గిరిజనుల వాటాను 6 నుంచి 10కి పెంచే బిల్లు తెచ్చారు. మొత్తం 62 శాతం. సభలో బీజేపీ సభ్యులు ఐదుగురు. అడ్డుకున్నారు, సస్పెండయ్యారు. బిల్లు నెగ్గింది. మళ్లీ అదే కథ. సభలో గెలుపు సులువు. బిల్లు ఢిల్లీకి పోయింది, రాష్ట్రపతి ఆమోదం రాలేదు. గిరిజనుల న్యాయమైన కోరికనూ మన కోరికనూ ఒకే కాగితం మీద రాశారు. ఆ కాగితం ఆగితే మన వల్లే ఆగిందని గిరిజన సోదరుడికి చెప్పడం ఎంత తేలిక! ఒకరి ఆకలిని ఇంకొకరి ఆకలికి అడ్డం పెట్టే ఈ ఎత్తు కొత్తదేం కాదు. బీసీల నోటికాడి ముద్ద సాయిబులు తింటున్నారన్న మాట 2004 నుంచీ ఊళ్లలో తిరుగుతూనే ఉంది. బీసీల 25 శాతంలోంచి మనకు ఒక్క సీటూ రాలేదని కూడికే చెబుతోంది. మా బీసీ అన్నలతో, చెల్లెళ్లతో కూర్చుని ఆ కూడిక చేసి చూపించిన ముస్లిం సంఘాలు ఎన్ని?

ఇంకొక తేదీ సంగతి చెప్పాలి. 2019 జనవరి 8న లోక్‌సభలో ఆర్థికంగా వెనుకబడిన అగ్రకులాల 10 శాతం సవరణ నెగ్గింది. అనుకూలం 323, వ్యతిరేకం 3. ఆ ముగ్గురిలో హైదరాబాద్ సభ్యుడు ఒకరు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలకు అందులో చోటు లేదు. దేశమంతటా 50 గీత దాటింది. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ఐదుగురిలో ముగ్గురి మాటతో దాన్ని ఖాయం చేసింది. 50 అన్నది దాటరాని గీత కాదంది. 2005 నవంబరు 7న మన ఐదో శాతం ఏ గీత దాటినందుకు నేరమయిందో, పదిహేడేళ్లకు అదే నవంబరు 7న ఆ గీత గీతే కాకుండా పోయింది. జాబితాలో మినహాయించిన పేద పఠాన్‌కు, పేద సయ్యద్‌కు ఆ పది శాతంలో దరఖాస్తు పెట్టుకునే దారి దొరికింది, కాదనను. కాని గంట్ల సాయిబు మనవడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మా ఒక్క శాతం కోసం అడిగినన్ని సర్వేలు, అన్ని రుజువులు ఆ పది శాతం కోసం ఎవరు అడిగారు?

ఆ ప్రశ్న వేయడానికి ముందు మనం చేయాల్సినది ఒకటుంది. ఇరవై ఏళ్లలో మన పేరు మీద వచ్చిన ప్రతి బిల్లునూ ఎవరో రాశారు, ఎవరో తెచ్చారు, మనం చప్పట్లు కొట్టాం. ఓడినప్పుడల్లా కోర్టును తిట్టాం. మన ఊళ్లలో కసాబు ఇళ్లెన్ని, ఫకీరు ఇళ్లెన్ని, పది పాసయిన ఆడపిల్లలెందరు, సొంత జాగా ఉన్నవాళ్లెందరు అన్న లెక్క ఏ మసీదు కమిటీ దగ్గరా లేదు. చందా పుస్తకం ఉంది, లెక్కల పుస్తకం లేదు. మూడుసార్లు మన చట్టాలు కూలింది ఆ లెక్క లేకనే. దళితులు తమ లెక్క తాము చెప్పుకున్నారు. మాదిగలు తమ వాటా ఎంతో అంకెలతో మూడు దశాబ్దాలు కొట్లాడారు, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చింది. వాళ్ల నుంచి నేర్చుకోవడానికి మనకు నామోషీ ఏమిటి?

గంట్ల సాయిబు ఇప్పుడు లేడు. మిక్సీలొచ్చి రోళ్లు పెరట్లో బోర్లా పడ్డాయి. ఆయన వృత్తి పోయింది, గెజెట్‌లో పేరు మిగిలింది. ఆ పేరు మీద ఎవరైనా చదువుకున్నారా, సర్టిఫికెట్ తెచ్చుకోగలిగారా అన్నది ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగకుండా మనమే పోయి అడగాలి. వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక వెనక్కి తిరిగి ఆఖరి సఫ్‌లో ఎవరున్నారో చూసి, వాళ్ల పేర్లతో ఆ లెక్కల పుస్తకం మొదలుపెడితే చాలు.